టేపుకి అవతల

ఫిబ్రవరి 4

ఈ రోజు మా ఇంట్లో సరిహద్దు వెలిసింది.

బ్యాంకు నుంచి ఏడాది లెక్క వచ్చింది. ఆరేళ్ళుగా నెల తప్పకుండా కడుతున్న వాయిదాల్లో ముప్పాతిక వంతు వడ్డీకే పోయిందట. అసలు మాత్రం బోర్లా పడుకుని నిద్రపోతోంది, ఒత్తిగిలి కూడా పడుకోలేదు. ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేశాను. మా ఆయన అలా వదిలెయ్యలేడు. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, ఆగిపోయింది ఏదైనా సరే తను కదిలించగలననుకుంటాడు.

"అంకెల్లో చూస్తే మనకేం ఎక్కదు. అడుగుల్లో చూద్దాం" అని పనిసంచీలోంచి కొలత టేపూ, కరెంటు తీగలకి చుట్టే పసుపు టేపూ తీశాడు. అసలులో ఎంత వంతు తీరిందో ఇంటి నేలలో అంత వంతు వీధి గుమ్మం దగ్గర్నుంచి కొలుచుకుంటూ వచ్చి, హాలు మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడకి పసుపు టేపు అతికించాడు. టేపుకి ఇవతల మాది. అవతల బ్యాంకువాడిది.

మాది రైలు పెట్టెలాంటి ఇల్లు. ముందు హాలు, తర్వాత వంటగది, తర్వాత మా గది, దాని పక్కన బాత్రూము, చిట్టచివర అత్తయ్య గది. ఆరేళ్ళు కట్టి మేం సంపాదించింది గుమ్మం, చెప్పుల స్టాండు, సోఫాలో ఒకరు కూర్చునేంత చోటు. కొన్నప్పుడు మా చేతినుంచి పెట్టిన డబ్బు కూడా కలుపుదామన్నాడు మా ఆయన. నేనే వద్దన్నాను. కలిపితే బద్ధకం వస్తుంది.

ఈ ఏడాది చివరికి టేపు వంటగది గుమ్మం దాటాలి. అదీ నా పంతం. అందుకని వాయిదా కాకుండా ప్రతి నెలా అదనంగా కట్టాలి. ఆ అదనం ఎక్కడి నుంచో రాదు, మా నోళ్ళలోంచే రావాలి. అందరినీ సోఫా దగ్గర నిలబెట్టి రూలు చదివాను.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో బయటి తిండి బంద్. కేకుల్లేవు, ఐస్‌క్రీముల్లేవు, చిప్సుల్లేవు. టేపు గుమ్మం దాటిన రోజు అందరం హోటలుకెళ్ళి కడుపు పగిలేలా తిందాం."

మా కూతురు చెయ్యెత్తింది. తొమ్మిదేళ్ళది, కానీ దాంతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు, అందుకే ప్లీడరు అంటాం. "ఈ ఇంట్లో అంటే ఏ ఇంట్లో అమ్మా? మనదాంట్లోనా, బ్యాంకువాడిదాంట్లోనా?"

"మనదాంట్లోనే తల్లీ. బ్యాంకువాడిదాంట్లో నా మాట ఎవడు వింటాడు?" అన్నాను వెటకారంగా.

వెనకాల నిలబడ్డ అత్తయ్య మూతి ముడుచుకుని నవ్వింది. పోయిన వారం ఆవిడ కట్టుడు పళ్ళు వాష్‌బేసిన్‌లో పడి రెండు చెక్కలయ్యాయి. అప్పట్నుంచి ఆవిడ నవ్వు అలాగే ఉంటోంది. అతికిస్తే నిలవదు, కొత్త సెట్టు చేయించాల్సిందే అన్నాడు పళ్ళ డాక్టరు. ఆయన చెప్పిన అంకె విన్నాను. సరిగ్గా మా ఒక నెల అదనం.

అత్తయ్య పళ్ళు: వచ్చే నెల.

ఫిబ్రవరి 5

లేచిన టేపు చివర కాలికి చుట్టుకుని పడ్డాను. కాళ్ళు మావైపు, తల బ్యాంకువాడివైపు.

ఫిబ్రవరి 17

నేను డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్లో పనిచేస్తున్నాను. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళు అప్పుడప్పుడు మర్చిపోతుంటారు. సిరా ఏదో, తుప్పు ఏదో, పెళ్ళానికి చెప్పకుండా తాగిన వైన్ ఏదో చొక్కా చేతికివ్వగానే చెప్పేస్తాను.

ఈ రోజు ప్లీడరు స్కూలు చొక్కా కాలరు మీద గోధుమరంగు చుక్క కనిపించింది.

"మట్టి" అంది.

"మట్టయితే గీకితే రాలుతుంది. ఇది మెరుస్తోంది. చాక్లెట్టు. అందులోనూ పాలు కలిసిన రకం."

అది కొంచెంసేపు కోర్టులో నిలబడ్డట్టు నిలబడింది. "నేను మన ఇంట్లో తినలేదమ్మా."

"మరెక్కడ తిన్నావ్?"

"బ్యాంకువాడి ఇంట్లో."

తిన్నగా చివరి గదికి వెళ్ళాను. అత్తయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మంచం కింద పెద్ద బిస్కెట్ల డబ్బా. మూత తీసి చూస్తే చాక్లెట్లు, చిప్సు పొట్లాలు, జామ్ పెట్టిన బిస్కెట్లు. నేను బేకరీ అద్దాల అవతల చూసి తల తిప్పుకుని వచ్చేవన్నీ అందులో ఉన్నాయి.

"ఏంటత్తయ్యా ఇది?"

"చెప్పులు విప్పి రా అమ్మాయ్. పరాయివాళ్ళ గది."

"మీ పెన్షనంతా ఇలా తగలేస్తారా?"

"పెన్షను నాది, గది బ్యాంకువాడిది. మధ్యలో నీకేమైంది? వాడికి అభ్యంతరం ఉంటే వాడే వచ్చి చెప్తాడు. కుర్చీ కూడా వేస్తాను."

మా ఆయన దగ్గరికెళ్ళి మొర పెట్టుకున్నాను. ఆయన స్క్రూడ్రైవరు తుడుస్తూ, "రూలు ప్రకారం చూస్తే అమ్మ చెప్పింది కరెక్టేగా" అని, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చినట్టు నటించి వెళ్ళిపోయాడు. ఫోను టీవీ మీదే ఉంది.

రూలు మార్చొచ్చు. కానీ ఒకసారి మారిస్తే ప్రతి నెలా మార్చమంటారు. నేను మాట మీద నిలబడే మనిషిని.

మార్చి 1

మొదటి అదనం కట్టేశాం. టేపు నాలుగు వేళ్ళ మేర కదిలింది. మా ఆయన పాత టేపు పీకి కొత్తది అతికించేదాకా అందరం పక్కన నిలబడి చూశాం. సోఫాలో ఇప్పుడు ఒకరూ, ఒక దిండూ కూర్చోవచ్చు.

"నా గది దాకా ఎప్పుడొస్తుందిరా?" అని అడిగింది అత్తయ్య.

మా ఆయన వేళ్ళు మడిచాడు. "ఇలాగే కడితే, ప్లీడరు నిజంగా ప్లీడరయ్యేసరికి."

"అయితే ఇంకా చాన్నాళ్ళు హాయిగా ఉంటాను" అంది.

పొదుపు బాగా సాగుతోంది. టూత్‌పేస్టు ట్యూబుని కత్తెరతో నిలువునా చీల్చి లోపల గోడలకున్నది కూడా వాడుతున్నాం. అది చూసి అత్తయ్య, "నా వంతు పేస్టు మిగులుతోందిగా, అది కూడా బ్యాంకులో కట్టెయ్" అంది. ఇలాంటి మాటలకి నేను జవాబు చెప్పను.

ఆవిడ పాలల్లో బ్రెడ్డు నానేసుకుని తింటోంది. ఈ వయసులో మెత్తటి తిండే ఒంటికి మంచిదని ఆవిడే అంది. ఆవిడ అనలేదు, నేనన్నాను. ఆవిడ కాదనలేదు.

అత్తయ్య పళ్ళు: వచ్చే నెల.

మార్చి 22

మా ఆయన యూనిఫాం కుడిచేతి మడత దగ్గర తెల్లటి మరక.

"గ్రీజు" అన్నాడు.

"తెల్ల గ్రీజా?"

"కొత్త రకం. విదేశాల నుంచి వస్తోంది."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెనీలా. ఏ లిఫ్టుకి వెనీలా గ్రీజు వాడతారో ఆ లిఫ్టు ఎక్కాలని ఉందన్నాను. ఆయన మీసాలు తుడుచుకున్నాడు. మీసాల్లో కూడా ఉంది.

అంటే శత్రువు నా పక్కలోనే పడుకుంటున్నాడు. అసలు మా పడకగది కూడా బ్యాంకువాడిదే కదా, ఇంకెవర్ని ఏమనాలి?

ఏప్రిల్ 1

టేపు నాలుగు వేళ్ళు. ప్లీడరుకి బూట్లు బిగుతయ్యాయి, కొత్తవి కొన్నాం. పెద్ద సైజు కొన్నాను, ముందర దూది పెట్టుకుని తొడుక్కుంటోంది. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడింది, మా ఆయన లిఫ్టు తలుపు రబ్బరు తెచ్చి వేశాడు. ఇప్పుడు ఫ్రిజ్ తెరవాలంటే ఇద్దరు కావాలి. ఇది కూడా ఒకరకం పొదుపే.

అత్తయ్య పళ్ళు: వచ్చే నెల.

ఏప్రిల్ 14

దరిద్రపు రోజు. ఒకావిడ కోటు గుండీ ఒకటి ఉతుకుడులో పోయింది. అది మామూలు గుండీ కాదట, ముత్తాతల నాటిదట. ఆవిడ కౌంటరు మీద అరచేత్తో కొడుతూ అరిచింది. ఓనరు వెనక గదిలోంచి వచ్చి ఆవిడ ముందే నన్ను తిట్టి, గుండీ ఖరీదు నా జీతంలో పట్టుకుంటానన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆ తలవంపు బస్సులో ఇంటిదాకా నాతోనే వచ్చింది.

తలుపు తీసేసరికి హాల్లో ఎవరూ లేరు. చివరి గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. మా ఆయన నవ్వు, ప్లీడరు నవ్వు, మధ్యలో అత్తయ్య బోసి నవ్వు. మా సొంత భాగంలో నేనూ, చెప్పుల స్టాండూ మిగిలాం. సోఫాలో నాకు హక్కున్న చోట కాసేపు కూర్చున్నాను. టేపు చూస్తూ ఎంతసేపని కూర్చుంటాం?

తనిఖీకి వెళ్ళాను.

నన్ను చూసి మా ఆయనా, ప్లీడరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అత్తయ్య పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చింది, డబ్బాలోంచి క్రీమ్ బన్ను తీసి చేతిలో పెట్టింది. తనిఖీ అన్నాక రుచి చూడాలి. చూశాను.

"ఎలా ఉంది?"

"నాసిరకం" అన్నాను, రెండోది తీసుకుంటూ.

ప్లీడరు పకపకా నవ్వింది. గుండీ సంగతి చెప్పాను. మా ఆయన ఆ కోటావిడని అనుకరించాడు, ఆవిణ్ణి ఎప్పుడూ చూడకపోయినా అచ్చం అలాగే చేశాడు. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది. మీరు తినరేంటని అత్తయ్యనడిగితే, "నేను ఇందాకే తిన్నాను" అంది.

ఏప్రిల్ 16

తనిఖీ.

ఏప్రిల్ 19

తనిఖీ. బాదం బిస్కెట్లు. ఒక్కసారి చూస్తే నాణ్యత తెలియదు.

ఏప్రిల్ 20

నిన్నటిది సరిగ్గా చూడలేదు.

మే 1

ప్లీడరు మధ్యాహ్నం వచ్చి, "నానమ్మ ఆపిల్‌ని చెంచాతో గీక్కుని తింటోందమ్మా. సగం ఆపిల్ తినేసరికి ఒక బొమ్మల సినిమా అయిపోయింది" అంది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కాబట్టి దాని మీదే చూపించాను. అప్పు తీర్చడమంటే నీకు ఆటగా ఉందా అని అరిచాను. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తల వంచుకుని నిలబడింది, కౌంటరు దగ్గర నేను నిలబడ్డట్టే.

ఇది రాసుకోవాలి, ఇంకెవరికీ చెప్పను కనక. నేను ప్లీడరంత ఉన్నప్పుడు ఒకరోజు బడినుంచి వచ్చేసరికి మా ఇల్లు వీధిలో ఉంది. ఇల్లంటే సామాను. మంచం, గిన్నెలు, నాన్న సైకిలు, మా పుస్తకాలు, అన్నీ, అద్దె బాకీ ఉందని, మురిక్కాలవ పక్కన వరసగా పెట్టించాడు ఇంటి ఓనరు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. చీకటి పడకముందే అమ్మ ఆ మంచం మీదే మాకు అన్నం పెట్టింది. వచ్చేపోయేవాళ్ళు మా కంచాల్లోకి చూసుకుంటూ వెళ్ళారు. ఏం తిన్నానో గుర్తులేదు, వాళ్ళ చూపులు గుర్తున్నాయి. అందుకే నాకీ అప్పంటే భయం. సొంత ఇల్లని పేరే కానీ, గోడకి మేకు కొట్టినప్పుడల్లా ఎవరో వచ్చి తీసెయ్యమంటారనిపిస్తుంది. నేను పిసినారిని కాను, భయస్తురాలిని. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

అత్తయ్య పళ్ళు: రేపు.

మే 2

ఈ నెల అదనం బ్యాంకులో కట్టలేదు. మొత్తం కవర్లో పెట్టి అత్తయ్య చేతికిచ్చాను. ఇచ్చే ముందు అద్దంలో ముఖం చూసుకున్నాను. గొప్ప కోడలు ఇలాగే ఉంటుందనిపించింది.

అత్తయ్య కవరులోకి తొంగి చూసింది. "ఇంతా?"

"పళ్ళకి అంతవుతుందటండి."

"మరి టేపు?"

"ఈ నెల కదలదు. ఏం ఫర్లేదు."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను తోడొస్తానన్నాను. "రెండు వీధుల అవతలున్న డాక్టరు దగ్గరికి తోడెందుకు? నడుచుకుంటూ నేనే వెళ్తాలే" అంది. మంచిదే, నాకు సెలవు మిగిలింది.

మే 12

తనిఖీలో ఈ రోజు ఐస్‌క్రీము, కుటుంబం మొత్తానికి సరిపోయే డబ్బా. పైన జీడిపప్పు. అంత పెన్షను వస్తుందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆవిణ్ణి కూడా అదనంలో కలిపేదాన్ని.

"డాక్టరు అచ్చు తీసుకున్నాడా అత్తయ్యా?"

"ఆఁ. టైం పడుతుందట."

మే 30

అచ్చు సరిగ్గా రాలేదట, మళ్ళీ తియ్యాలట. నాకు ఒళ్ళు మండింది. డబ్బు ముందే తీసుకుని ముసలావిణ్ణి తిప్పుకుంటాడా? వెళ్ళి దులిపేస్తానన్నాను. అత్తయ్య గాభరా పడిపోయి, "వద్దమ్మాయ్, పాపం మంచివాడు" అని నా చెయ్యి పట్టుకుంది, ఇంకో చేత్తో పేస్ట్రీ పెట్టింది. పేస్ట్రీ చేతిలో ఉండగా ఎవరి మీదా పోట్లాటకి వెళ్ళలేం.

జూన్ 1

టేపు నాలుగు వేళ్ళు. సోఫాలో ఇద్దరం పడతాం ఇప్పుడు, కానీ అక్కడెవరూ కూర్చోవడం లేదు.

పళ్ళెప్పుడొస్తాయని అత్తయ్యనడిగాను.

"వచ్చే నెల" అంది.

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది.

జూన్ 13

నెలకోసారి మా ఇంటి బట్టలు షాపుకి తీసుకెళ్తాను, పనివాళ్ళకి సగం ధర. ఈసారి నాలుగు మూటలూ నేనే విప్పి మరకలకి చీటీలు గుచ్చుతున్నాను. మా ఆయనవి: వెనీలా, కారమెల్, అక్కడక్కడ నిజం గ్రీజు. ప్లీడరువి: చాక్లెట్టు, జామ్, చాక్లెట్టు. నావి: క్రీము. గుండెల మీద ఏకంగా మూడు చోట్ల. తనిఖీ అధికారులకి ఇది మామూలే అనుకుని చీటీలు గుచ్చేశాను.

చివరిది అత్తయ్య మూట. ఒక్క చీటీ కూడా గుచ్చలేకపోయాను.

పక్కన ఇస్త్రీ చేసే బాబాయ్ చూసి, "మీ అత్తగారి బట్టలు ఎప్పుడూ అంతేనమ్మా. పాలచుక్కలు తప్ప ఏముండవు. పసిపిల్లల బట్టల్లా ఉంటాయి" అన్నాడు, నీళ్ళు చిలకరిస్తూ.

గౌన్లు ఒక్కొక్కటే వెలుతుర్లో పెట్టి చూశాను. కాలరు చూశాను, ఒడి చూశాను, చేతులు చూశాను. ఆ డబ్బా ఉన్నది ఆవిడ మంచం కింద. మేం ముగ్గురం తిన్నది ఆవిడ మంచం మీద. ఇన్ని నెలల్లో ఆవిడ గౌను మీద ఒక్క క్రీము చుక్క లేదు, ఒక్క జామ్ గీత లేదు. పాలు, అంతే. "నేను ఇందాకే తిన్నాను" అనేదిగా. నేను నమ్మాను. నమ్మితే నాకు ఇంకొకటి ఎక్కువొచ్చేది.

ఇంకొకటి కూడా కనిపించింది. గౌన్ల పక్కకుట్లు లోపలికి మడిచి చేత్తో కుట్టుకుంది. మొదట ఒక వరస. దాని లోపల ఇంకో వరస. బట్ట వదులైనప్పుడల్లా ఒకటి వేసుకుందన్నమాట. సన్నబడిందనుకున్నాను, మంచిదే, మోకాళ్ళకి బరువు తగ్గుతుందనుకున్నాను. ఛీ.

షాపు ఫోన్లోంచి పళ్ళ డాక్టరుకి చేశాను. అవతల అమ్మాయి పేరు వెతికి, "ఫిబ్రవరిలో ఒకసారి చూపించుకున్నారండీ. తర్వాత రానే లేదు" అంది.

ఓనరుకి తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను. అత్తయ్య మంచం మీద కూర్చుని డబ్బాలో కొత్త పొట్లాలు సర్దుతోంది. నన్ను చూసి, "ఇవాళ తనిఖీ తొందరగా వచ్చిందే!" అంది.

"డబ్బేం చేశారత్తయ్యా?"

డబ్బా మూత పెట్టింది. దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "తినేశాంగా."

"మీరేం తిన్నారు? అవి మీ పళ్ళ డబ్బులు!"

"నాకు పళ్ళొచ్చి ఏం చేసుకోను అమ్మాయ్? మీ ఇంట్లో కొరకడానికి ఏముంది? ఉడకబెట్టిన బంగాళదుంప, ఉడకబెట్టిన గుడ్డు, రోజంతా ఉడికిపోతూ నువ్వు."

మంచం అంచున కూర్చున్నాను. ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నవ్వడం లేదు.

"మీరు టేపేసినప్పట్నుంచి ఆ హాల్లో ఎవరైనా కూర్చున్నారా? వాడు ఓవర్‌టైమంటాడు, నువ్వు లెక్కలంటావు, పిల్ల పుస్తకం ముందేసుకుని ఒక మూల కూర్చుంటుంది. నలుగురం కలిసి నవ్వింది ఈ మంచం మీదే. డబ్బా ఖాళీ అయితే ఎవరి మూలకి వాళ్ళు పోతారు. నా పెన్షను నెల సగానికే అయిపోతోంది. నువ్విచ్చింది బాగా కలిసొచ్చింది."

"మీరు ఒక్కటి కూడా తినలేదు."

"మీరు తింటుంటే చూశానుగా. క్రీమ్ బన్ను తింటే నీ ముక్కు చివర ఎప్పుడూ క్రీము అంటుకుంటుంది, తెలుసా? నువ్వు చాలా సీరియస్‌గా రేట్ల గురించి మాట్లాడుతుంటావు, ముక్కు మీద అది. ఆ సీనుకి టిక్కెట్టు పెట్టొచ్చు."

నేను ఏడ్చేశాను. ఆవిడ భుజం మీద తల పెట్టి, బస్సు దిగి ఇంటికొచ్చేదాకా ఆపుకున్నదంతా ఏడ్చాను. భుజం ఎముక చెంపకి గుచ్చుకుంది. నా చిన్నప్పుడు వీధిలో మా కంచాల్లోకి తొంగి చూశారని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను, ఈవిడ కంచంలోకి నేను ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

"ఊరుకో. గౌను తడిసిపోతోంది" అంది ఆవిడ. "కన్నీళ్ళ మరకకి ఏం వాడతారు మీ షాపులో?"

జూన్ 14

సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి అచ్చు తీశారు. గులాబీరంగు ముద్ద నోట్లో పెట్టగానే, "ఇన్నాళ్ళకి మా కోడలు బయటి తిండి పెట్టించింది" అని చెప్పబోయి ఉక్కిరిబిక్కిరైంది. డాక్టరు భయపడ్డాడు.

డబ్బు ఇప్పుడు లేదు, వచ్చే నెల జీతం రాగానే ఇస్తానన్నాను. "పళ్ళు తీసుకునేటప్పుడు ఇవ్వండమ్మా, తొందరేముంది?" అన్నాడు. ఫిబ్రవరిలో అడిగి ఉంటే ఫిబ్రవరిలోనూ ఈ మాటే అనేవాడు. నేనడగలేదు.

జూన్ 15

సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన వెళ్ళి అత్తయ్య మంచం కాలు బిగించి వచ్చాడు. అది వదులుగా లేదు.

జూలై 1

ఈ నెల అదనం పళ్ళకి పక్కన పెట్టాం. టేపు కదలాల్సిన పని లేదు. కానీ నేనే పీకేశాను. పీకి మా ఆయన చేతికిచ్చి, "ఆ చివర్నుంచి కొలవండి. అత్తయ్య గది గోడ దగ్గర్నుంచి" అన్నాను.

"అడుగులు అవేగా, ఎటునుంచి కొలిస్తే ఏంటి?"

"అడుగులు అవే. ముందు ఎవరి గది మనదవుతుందో అది మారుతుంది."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, కొలత టేపు తీసుకుని వెళ్ళాడు. అత్తయ్య గది మొత్తం మాదైంది. తర్వాత బాత్రూములో సగం. తలుపు, బకెట్టు, షవరు మావి, కమోడు మాత్రం బ్యాంకువాడికి పోయింది. వాడికి అదే సరైన చోటని ప్లీడరు తీర్పిచ్చింది. మా పడకగది, వంటగది, హాలు, చెప్పుల స్టాండుతో సహా పరాయి దేశం. ఏడాది చివరికి బాత్రూము దాటి మా పడకగది గుమ్మానికి చేరితే గొప్పే. హోటలు భోజనానికి ఇంకా టైముంది.

అత్తయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అంటే ఇకమీదట నా గదిలో నీ రూల్సా?"

"అంతేగా మరి. మన ఇంట్లో బయటి తిండి బంద్. నేను మాట మీద నిలబడే మనిషిని."

"బ్యాంకువాడే నయం" అని డబ్బా చంకనేసుకుని, పరాయి దేశం మొత్తం దాటుకుంటూ హాల్లోకి వెళ్ళి సోఫా మధ్యలో కూర్చుంది. మేం ముగ్గురం ఆవిడ వెనకే వెళ్ళాం. నలుగురం సోఫాలో ఇరుక్కుని కూర్చున్నాం.

ఇంకో సంగతి. ఇకనుంచి నెలనెలా డబ్బాలోకి కొంచెం డబ్బు నేనిస్తాను. ఆ మేరకు టేపు మూడు వేళ్ళే కదులుతుంది. ప్లీడరు ప్లీడరయ్యాక ఇంకో నాలుగైదేళ్ళు పడితే పడనీ.

జూలై 9

పళ్ళొచ్చాయి.

డాక్టరు దగ్గర అద్దంలో చూసుకుని, "మరీ తెల్లగా ఉన్నాయి, ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నాయి" అని వంకలు పెట్టింది. దారి పొడుగునా నోరు మూసుకునే నడిచింది. అలవాటు పడేదాకా మెత్తటివే తినాలని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఆవిడ రెండుసార్లూ తలూపింది.

ఇంటికి రాగానే సోఫాలో కూర్చుని డబ్బా తెరిచింది. అన్నిటినీ పక్కకి నెట్టి, అడుగునుంచి బాదం చాక్లెట్టు తీసింది. లోపల గింజ చెక్కు చెదరకుండా ఉండే రకం. మా ముగ్గురికీ ఇవ్వలేదు. "ఉండండి. ముందు నేను" అంది.

టీవీ ఆపేశాం. మా ఆయన రేడియో స్టేషన్లో లాగా వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అత్తయ్య చాక్లెట్టు కుడివైపుకి జరుపుకుని, కళ్ళు మూసుకుని కొరికింది.

కటుక్కుమంది. ఇంటి ఆ చివరి దాకా వినిపించి ఉంటుంది. బ్యాంకువాడికి కూడా వినిపించాలి.

నమలడం మొదలుపెట్టాక ఇంక మమ్మల్ని పట్టించుకోలేదు. రెండోది తీసింది. నవ్వుతూ తింటోంది కనక మూతి మూయలేదు, చాక్లెట్టు చుక్క ఒకటి గడ్డం మీద నుంచి జారి లేతరంగు గౌను మీద, సరిగ్గా గుండెల మీద పడింది. "అయ్యో, మరకమ్మాయ్" అంది నోటినిండా బాదంతో.

ఆ మరక నాకు బాగా తెలుసు. ముందు చల్లటి నీళ్ళు, తర్వాత కాస్త సబ్బు, రెండు నిమిషాల పని. లేచి గుడ్డ తెస్తానేమోనని అందరూ నా వైపు చూశారు. నేను ఇంకో చాక్లెట్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

అత్తయ్య గౌను మీద మరక: వచ్చే నెల.